సింకులో పొయ్యకూడని నీళ్ళు

మా ఊళ్ళో సఫ్తక్క ఎదురైతే గర్భిణీలు రొమ్ము మీద శిలువ గుర్తు వేసుకునేవారు. భక్తితో అనుకునేరు, భయంతో. ప్రూత్ నది పక్కన మా చిన్న ప్రసూతి ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గదికి ఆమె నర్సు. ఆమె చేతిలో నీలం ఎనామెల్ కప్పు కనిపించిందంటే ఎవరి పిల్లో పోతోందన్నమాట. నా పేరు దొమ్నికా. అదే గదిలో, ఆమె పక్కనే నా ఉద్యోగమంతా గడిచింది. నాకు నోరెక్కువ అంటారు, కాదనను. మొన్న ఈస్టర్ వెళ్ళాక సఫ్తక్క పోయింది. శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఆమె గురించి చెప్పుకున్న దాంట్లో సగం అబద్ధం. మిగతా సగం సగమే నిజం. వినీ వినీ నాకు ఒళ్ళు మండింది.

"చివర్లో ఆవిడకి చాదస్తం పట్టింది పాపం, కొత్తగా ఏ తల్లి వచ్చినా ముందు పిల్ల పేరే అడిగేది" అన్నది ఒక కుర్ర నర్సు. చాదస్తమట! దీనికేం తెలుసని?

కప్పు సంగతి ముందు చెప్పాలి. సఫ్తక్క కాపురానికి వచ్చిన ఏడాదే తొలి కాన్పు. పిల్ల నెలలు నిండకుండా పుట్టి ఒక్క పూట బతికింది. పాదిరి మంచులో బండి కట్టించుకుని వచ్చేసరికే కన్ను మూసింది. జ్ఞానస్నానం కాని పిల్లకు శ్మశానంలో చోటు లేదన్నారు. కంచె అవతల, శిలువైనా లేకుండా పాతిపెట్టారు. అలాంటి పిల్లలు ఏడేళ్ళపాటు పేరు కోసం చీకట్లో ఏడుస్తారని మా ముసలమ్మలు అంటారు. సఫ్తక్క అత్తగారు ఆ మాట బాలింత ముఖం మీదే అన్నది. ఆ నోట్లో మన్ను పడ!  సఫ్తక్క మాత్రం పట్నం వెళ్ళి నర్సు చదువు చదివి వచ్చి, ఎవరూ పనిచేయనంటున్న ఈ గదిలో చేరింది.

ప్రాణం మీదికి వచ్చిన పిల్లకు పాదిరి అందకపోతే మాలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. మూడుసార్లు నీళ్ళు పోసి, పేరు పలికి, నాలుగు మాటలు అంటే చాలు. కాకపోతే పార్టీ ప్రభుత్వం రోజుల్లో ఆసుపత్రిలో దేవుడి పేరెత్తితే ఉద్యోగం ఊడేది. అందుకని ఆమె జనవరి పండగనాడు చర్చిలో దీవించిన నీళ్ళు తెచ్చి, సెలైన్ సీసాలో పోసి, మందుల అల్మారాలో మందుల మధ్యే పెట్టేది. ఏడాదికి ఒక సీసా. ఆ నీళ్ళు చెడిపోవు. ఆ రోజుల్లో కరెంటు పూటపూటకీ పోయేది, పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టెలు చల్లబడేవి. వాటిలో ఆ గుప్పెడంత ప్రాణులు ఊఁ, ఊఁ అని మూలిగేవి. విచ్చుకోని ఊపిరితిత్తులతో ఊపిరి నిలుపుకోవడానికి పడే యాతన అది. ప్రతి ఊపిరికీ డొక్క లోపలికి గుంటపడేది. పిల్ల అలిసిపోయేది, మూలుగు సన్నబడేది. అప్పుడు సఫ్తక్క కప్పు తీసేది.

తల్లుల్ని పేరు అడిగేది కాదు. ఆడపిల్లయితే మరియా, మగపిల్లాడైతే ఇయోన్, అంతే.

"అడిగితే ఏం పోయిందక్కా? కన్నవాళ్ళు ఏదో ఒక పేరు అనుకునే ఉంటారు కదా" అన్నాను ఒకసారి.

"అడిగితే తెలిసిపోతుందే. పిల్ల పోకముందే తల్లిని చంపడం ఎందుకు?" అన్నది.

తల్లులేమైనా పిచ్చివాళ్ళా? ఊరంతటికీ తెలిసిపోయింది. "వాళ్ళ పిల్లకు మరియా అని పెట్టారట" అంటే మా ఊళ్ళో అర్థం ఒకటే. ఇక రొట్టె పట్టుకుని పలకరింపుకు పోవడమే.

ఆ పార్టీ పోయింది, పాత ఇనుప మంచాలు పోయాయి, పిల్లలు పోవడం మాత్రం తగ్గలేదు. చివరికి డాక్టర్ చెర్నెయా యాష్ నగరంలో కొన్నాళ్ళుండి నేర్చుకుని ఒక పరికరం తెచ్చింది. పరికరం అంటే పెద్ద యంత్రం అనుకునేరు. పిల్ల ముక్కులో పట్టే రెండు మెత్తటి గొట్టపు మొనలు, అవి కదలకుండా తలకు ఊలు టోపీ, వెచ్చటి తడి గాలి వచ్చే గొట్టం, దాని రెండో కొస నీళ్ళ సీసాలో మునిగి ఉంటుంది. గాలి ఆ నీళ్ళలోంచి బుడబుడమంటూ బయటికి పోతుంది. దాని అసలు పేరు మా నోరు తిరగలేదు. బుడగల సీసా అన్నాం, అదే నిలిచింది.

సఫ్తక్క దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఏంటమ్మా ఇది, పొయ్యి మీద మొక్కజొన్న సంకటి పెట్టినట్టుంది" అన్నది.

"అలాగే ఉడకాలి" అన్నది డాక్టరమ్మ. "ఉడుకుతున్నంతసేపు పిల్ల ఊపిరితిత్తులు మూసుకుపోవు. గొంతులోకి గొట్టం దింపే పనిలేదు. ఊపిరి పిల్లే తీసుకుంటుంది, మనం ఆసరా ఇస్తాం, అంతే."

"నీళ్ళెక్కువైతే?"

"గొట్టం ఎంత లోతున మునిగితే గాలి అంత గట్టిగా తోస్తుంది. అందుకే సీసాకి ఈ టేపు. నీళ్ళు టేపు దాటితే లేత ఊపిరితిత్తి చిట్లిపోతుంది."

"అంటే సంకటి పొంగకూడదు."

"అంతే సఫ్తా, పొంగకూడదు."

పొంగడానికి దారి ఒకటుంది. తడి గాలి గొట్టంలో చల్లబడి చెమ్మగా మారి, చుక్కచుక్కగా సీసాలోకే దిగుతుంది. మనం ఏమీ పోయకపోయినా నీళ్ళు పెరుగుతాయి. కాబట్టి ఎప్పటికప్పుడు పైన చేరినవి తీసి సింకులో పారబోయాలి. ఈ పని సఫ్తక్క అంత శ్రద్ధగా మాలో ఎవరూ చేయలేదు. కొత్త పిల్లలెవరైనా ఏమరితే, "ఒసే మొద్దూ, సంకటి పొంగుతోంది చూడు!" అని గది అవతలి కొస నుంచి కేకేసేది.

మూలిగే పిల్లలు మూలగడం మానేశారు. నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. బూడిదరంగులో ఉన్న పిల్ల ముక్కుకు ఆ మొనలు పెట్టి, బుడగలు మొదలయ్యాక కాసేపటికి గులాబీ రంగు తిరిగేది. అందరూ బతికారని కాదు, కానీ బతికారు. నీలం కప్పులో థర్మామీటర్లు పెట్టుకోవడం మొదలుపెట్టాం.

"నీ కప్పుకి పెన్షన్ పెట్టిద్దామా అక్కా?" అని ఏడిపించాను.

"నీ నోటికి పెడితే ఊరు బాగుపడుతుంది" అన్నది. ఆ గదిలో ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఇక ఇలింకా సంగతి. సఫ్తక్క కూతురి కూతురు. ఆ కూతురు ఇటలీలో ముసలివాళ్ళకు సేవ చేసే పనికి వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకుంది. పిల్లను పెంచింది సఫ్తక్కే. ఇలింకాకు పెళ్ళయింది, మొగుడు లారీ డ్రైవరు. క్రిస్మస్ ఉపవాసాల్లో, అతను సరిహద్దు అవతల ఎక్కడో మంచులో చిక్కుకుని ఉండగా, ఇలింకాకు బీపీ పెరిగి కళ్ళు బైర్లు కమ్మాయి. డాక్టరమ్మ ఇక ఆగకుండా పొట్ట కోసి పిల్లను తీసింది. పిల్ల నా కోటు జేబులో పట్టేంత ఉంది. పుడుతూనే మూలిగింది. ఆ మూలుగు వినగానే సఫ్తక్క ముఖం చూడాలి, రక్తం చుక్క లేదు. సీసా పెట్టాం, బుడగలు మొదలయ్యాయి, మూలుగు ఆగింది. యాష్‌కి పంపే అవసరం లేదు, ఇక్కడే నిలబడుతుందన్నది డాక్టరమ్మ.

ఇలింకా కింది అంతస్తులో ఉంది. మంచం దిగకూడదన్నారు. సఫ్తక్క, నేను వెళ్ళి చెప్పాం.

"అమ్మమ్మా, దాని పేరు స్మరాండా. నేనెప్పుడో అనుకున్నా" అన్నది ఇలింకా.

"పేరుకేం తొందరే? చర్చిలో, పాదిరి చేత, కొవ్వొత్తులు వెలిగించి పెట్టిద్దాం."

"నువ్వు మాత్రం పెట్టకు. నీ కప్పు దాని దరిదాపులకు తేవొద్దు."

"తేనులేవే."

"మరియా అని పెట్టావని నా చెవిన పడిందా, ఈ కిటికీలోంచి దూకేస్తా."

"నోటికి అడ్డూ ఆపూ లేదా నీకు? బాలింతవి, అవేం మాటలు?"

"ఒట్టెయ్. నా మీద ఒట్టెయ్."

సఫ్తక్క ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. మెట్లెక్కుతూ మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

"జ్ఞానస్నానం కాకుండానే పోతే, దొమ్నికా?"

"ఎందుకు పోతుంది? గులాబీలా ఉంది పిల్ల."

"నా పిల్ల కూడా పొద్దున గులాబీలానే ఉండేది" అన్నది.

ఆమె చెయ్యి పట్టి లాగాను. పద పద, పాలు పట్టే వేళైంది అన్నాను.

శనివారం సాయంత్రం ఆమె డ్యూటీ ఎక్కింది, నేను ఇంటికి వెళ్ళాను. ఆదివారం పొద్దున మోకాలి లోతు మంచులో ఈడ్చుకుంటూ వచ్చేసరికి చర్చి గంటలు మోగుతున్నాయి. గది తలుపు తీస్తూనే ఏదో తేడాగా వినిపించింది. బుడగల మోత మారింది. బొళుక్కు బొళుక్కుమని, లోతుగా, బరువుగా ఉంది. రాత్రి ఎవరికో కవలలు పుట్టారు, ఇద్దరూ గుప్పెడేసి. సఫ్తక్క వాళ్ళ పెట్టెల మధ్య ఒంటిచేత్తో సతమతమవుతోంది, తల కూడా ఎత్తలేదు. నేను తిన్నగా ఇలింకా పిల్ల దగ్గరికి వెళ్ళాను. సీసాలో నీళ్ళు టేపు దాటి రెండు వేళ్ళ పైన ఉన్నాయి. పిల్ల బూడిదరంగుకు తిరిగింది. రొమ్ము ఒక పక్క పొంగి, రెండో పక్కకంటే ఎత్తుగా ఉంది.

ముందు గొట్టాన్ని పైకి లాగాను. "డాక్టరమ్మా!" అని అరిచాను. అరుస్తూనే సీసా తీసి సింకు వైపు వంచబోయాను. సఫ్తక్క పరుగున వచ్చి నా మణికట్టు పట్టేసుకుంది.

"సింకులో పొయ్యకే!"

"నీకేమైనా పిచ్చి పట్టిందా? రెండు వేళ్ళు ఎక్కింది, కనబడట్లేదా?"

"అవి దీవెన నీళ్ళే. సింకులో పొయ్యకూడదు."

వంచబోయిన సీసాను బల్ల మీద పెట్టేశాను. దేవుడితో నాకు పెద్ద పేచీ లేదు, రాకపోకలూ లేవు. అయినా ఈ సంగతి మా దగ్గర ఉయ్యాల్లో పిల్లకు కూడా తెలుసు. దీవెన నీళ్ళు ఒక్క చుక్క కలిస్తే కుండెడు నీళ్ళూ దీవెన నీళ్ళే. కాలు తొక్కే చోట, మురుగు పోయే చోట పోస్తే మహాపాపం. తాగాలి, లేకపోతే మొక్క మొదట్లో పోయాలి.

ఆమె ఏం చేసిందో డాక్టరమ్మ అడిగినప్పుడు తనే చెప్పింది. కప్పు తేనని ఒట్టేసింది కదా, తేలేదు. పిల్ల పీల్చే గాలైనా దీవెనతో ఉంటుందని, సెలైన్ సీసాలో అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు బుడగల సీసాలో పోసింది. ఊరికే పోయలేదు. ముందు అంతే కొలతకు మామూలు నీళ్ళు తీసేసి, సరిగ్గా టేపుకు సమానంగా పోసింది. ఆమె నర్సు, పద్ధతి తప్పదు. ఆ తర్వాత చెమ్మ దిగడం మొదలైంది. ఇక అవి సింకులో పారబోసే నీళ్ళు కావు. ఖాళీ పండ్లజామ్ సీసా ఒకటి కడిగి పక్కన పెట్టుకుంది, పైన చేరినవి దాంట్లోకి తీసి ఇంటి దగ్గర పూలకుండీల్లో పోద్దామని. ఈలోగా కవలలు వచ్చారు. ఆ జామ్ సీసా ఖాళీగా, శుభ్రంగా, ఇంకా బల్ల మీదే ఉంది.

డాక్టరమ్మ కిటికీ తెర లాగించి, పిల్ల రొమ్ముకు టార్చి ఆనించింది. ఒక పక్కంతా లాంతరులా వెలిగింది. ఊపిరితిత్తి చిట్లి, గాలి బయట చిక్కుకుపోయింది. సూది గుచ్చితే సన్నగా బుస్సుమన్నది. పిల్లకు కాస్త రంగు తిరిగింది. యాష్‌కి ఫోన్ చేస్తే అంబులెన్సు బయలుదేరిందన్నారు, తర్వాత దారిలో మంచుకు ఆగిపోయిందన్నారు. ఇంతలో రెండో పక్క కూడా పొంగింది. మళ్ళీ సూది. ఇక గొంతులోకి గొట్టం దింపి, డాక్టరమ్మ చేత్తో గాలి కొడుతూ కూర్చుంది. చర్చిలో పూజ నడుస్తూనే ఉంది, పాదిరిని పిలిచినా పూజ మధ్యలో రాలేడు. గుండె చప్పుడు మందగించింది.

"సఫ్తా, ఇంత చిన్న పిల్లల్లో ఊరికే కూడా చిట్లుతుంది. నీళ్ళ వల్లే అని నేను చెప్పలేను" అన్నది డాక్టరమ్మ, గాలి కొట్టడం ఆపకుండానే.

"నేను చెప్పగలను" అన్నది సఫ్తక్క.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. గొంతు పిసికేయాలన్నంత కోపం. జాలీ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషికి ఊపిరాడదని ఆ రోజు తెలిసింది.

సఫ్తక్క అల్మారా దగ్గరికి వెళ్ళి, నీలం కప్పులోంచి థర్మామీటర్లు తీసి బల్ల మీద పెట్టింది. సెలైన్ సీసా ఎత్తి చూసింది. దాంట్లో చుక్క లేదు, ఉన్నవన్నీ బుడగల సీసాలోనే ఉన్నాయి. అందులోంచే కప్పులోకి వంచుకుంది. రెండడుగులు వేసింది. కప్పు ఒరిగి సగం నీళ్ళు ఆమె ఏప్రాన్ మీదే ఒలికాయి.

"నా వల్ల కాదే. నువ్వు చెయ్యి" అన్నది.

"నేనా? ఆ దేవుడికీ నాకూ పరిచయమే లేదక్కా."

"ఇన్నేళ్ళు నా పక్కన నిలబడి విన్నావు. మాటలన్నీ వచ్చు నీకు. చెయ్యవే, నీ కాళ్ళు పట్టుకుంటా."

కప్పు తీసుకున్నాను. నిజమే, మాటలన్నీ వచ్చు. "పేరు? మరియా అనేనా?" అన్నాను.

"వద్దు!" అని అరిచింది. డాక్టరమ్మ కూడా ఉలిక్కిపడింది. "మరియా అనకు. దాని పేరు దానికుంది. స్మరాండా. వాళ్ళందరికీ ఉండే ఉంటాయే పేర్లు, నేనే అడగలేదు. స్మరాండా అను."

వేళ్ళతో తీసి నుదుటి మీద పోశాను. దేవుని సేవకురాలు స్మరాండా జ్ఞానస్నానం పొందుతున్నది, తండ్రి పేరిట, ఆమెన్. కుమారుని పేరిట, ఆమెన్. పవిత్రాత్మ పేరిట, ఆమెన్.  కాసేపటికి డాక్టరమ్మ గాలి కొట్టడం ఆపేసింది. కప్పులో మిగిలిన నీళ్ళు సఫ్తక్క నిలబడే తాగేసింది. సీసాలో ఉన్నవి జామ్ సీసాలోకి వంచి మూత బిగించింది. ఆ తర్వాత కూడా ఆమె ఏళ్ళ తరబడి ఆ గదిలో పనిచేసింది. గదిలోకి పిల్ల రాగానే, ఇంకా సీసా బిగించకముందే, తల్లి దగ్గరికి వెళ్ళి పేరేమనుకున్నారని అడిగేది. చాదస్తమట, చాదస్తం!

కానీ ఆ రోజు ఇంకా అయిపోలేదు. కింద ఇలింకా ఉంది.

"నేను చెబుతా, నువ్వు కాస్త కూర్చో" అన్నాను సఫ్తక్కతో. కూర్చోలేదు. నేను ముందు, ఆమె నా వెనకాల, మెట్లు దిగాం. ఇలింకా మంచంలో లేచి కూర్చుని ఉంది. నన్ను చూడగానే దుప్పటి గుప్పిట్లో బిగించింది.

"దొమ్నికత్తా, పైన ఏంటి ఆ పరుగులు? అమ్మమ్మ కప్పు తీసిందా?"

మంచం దగ్గరికి జరిగాను. "పేరు పెట్టామమ్మా" అన్నాను.

ఆమె పెదాలు తెల్లబడ్డాయి. "మరియా అనా?"

"కాదు. స్మరాండా అని."

ఇలింకా నా ముఖంలోకి చూసింది. మళ్ళీ అడిగింది. "స్మరాండానా? నిజంగా? మరియా కాదు కదా?"

"కాదమ్మా."

"అమ్మయ్యా!" అన్నది. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు, ముఖమంతా నవ్వు. "చచ్చిపోయాననుకున్నా అత్తా! నీ వాలకం చూసి నా గుండె ఆగిపోయింది తెలుసా? బాగుందన్నమాట! పాదిరి వచ్చాడా? ఆదివారమే వచ్చాడా పాపం? అమ్మమ్మా, నువ్వు ఒట్టు నిలబెట్టుకున్నావే!"

 సఫ్తక్క నన్ను పక్కకు జరిపి వచ్చింది. ఏప్రాన్ ముందువైపు ఇంకా తడిగానే ఉంది. మంచం అంచున కూర్చుని మనవరాలి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఇలింకా ఇంకా నవ్వుతూనే ఉంది.